ద్వీపంలో సెలవులు: గైడెడ్ టూర్ తీసుకోవాలా, కారు అద్దెకు తీసుకుని మనమే నడపాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండింట్లో ఏది మంచిది? సూటిగా చెప్పండి.

రోజును బట్టి. ట్రిప్ మొత్తానికి కలిపి ఒకే నిర్ణయం తీసుకోవాలనుకున్నప్పుడే ఇది తేలని ప్రశ్న అవుతుంది. వారం రోజుల్లో మూడు రోజులు కారు, రెండు రోజులు టూరు, మిగతా రోజులు నడక, సముద్రస్నానం. చాలామందికి ఇలాంటి కలగలుపే బాగా కుదురుతుంది.

ప్లాన్ వేసేటప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోని విషయం ఒకటుంది, అది మొదటే చెప్పాలి. స్టీరింగ్ పట్టుకునే మనిషికి కూడా అవి సెలవులే. ఘాట్ రోడ్డు మీద పక్క సీట్లో వాళ్లు సముద్రాన్ని చూస్తారు, నడిపేవాళ్లు తర్వాతి మలుపును చూస్తారు. ఇంట్లో ఒక్కరికే డ్రైవింగ్ వచ్చి, వారమంతా వాళ్లే నడిపితే, అందరికంటే తక్కువ చూసి తిరిగొచ్చేది వాళ్లే. కాబట్టి కారు తీసుకుందామా అనుకునే ముందు, ఫలానా రోజు ఎవరు నడుపుతారు, ఎన్ని గంటలు నడపాలి, వాళ్లకు అది నిజంగా ఇష్టమేనా అని అడగండి. డ్రైవింగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఆ రోడ్డే సెలవు. మొహమాటానికి ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. తేడా మీకే తెలుస్తుంది.

దీవి చిన్నదే కదా, కారుంటే ఒక్క రోజులో చుట్టేయలేమా?

కిలోమీటర్లు చూసి మోసపోవద్దు, గంటలు చూడండి. హవాయిలోని మావి దీవిలో కహులుయి నుంచి హానా ఊరికి దూరం సుమారు 84 కిలోమీటర్లే. కానీ ఆ దారిలో దాదాపు 600 మలుపులు, 59 వంతెనలు ఉన్నాయి. వంతెనల్లో చాలావరకు ఒకేసారి ఒక్క బండి పట్టేవే. ఎక్కడా ఆగకుండా వెళ్లినా రెండున్నర గంటలు పడుతుంది. కానీ ఆ దారిలో వెళ్లేదే జలపాతాల దగ్గర ఆగడానికి కదా. దాంతో రోజంతా అయిపోతుంది.

ఇక కొన్ని దీవులు మనం ఊహించేంత చిన్నవి కావు. ఐస్‌లాండ్‌ను చుట్టే రింగ్ రోడ్డు 1,300 కిలోమీటర్లు దాటుతుంది. గ్రీస్‌లోని క్రీట్ ఒక కొస నుంచి మరో కొసకు దాదాపు 260 కిలోమీటర్లు, మధ్యలో అంతా కొండలు. మ్యాప్ యాప్ చూపించే సమయం ఎక్కడా ఆగకుండా, తడబడకుండా వెళ్తే పట్టే సమయం. కొత్త చోట, కొత్త బండితో, ఫొటోలకు ఆగుతూ వెళ్లేవాళ్లు దానికి కనీసం సగం కలుపుకోవాలి.

టూర్ తప్ప వేరే దారి లేని చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. అక్కడ చర్చే అక్కర్లేదు. పసిఫిక్ సముద్రంలో ఈక్వడార్‌కు చెందిన గాలాపగోస్ దీవుల భూభాగంలో 97 శాతం నేషనల్ పార్కు. అందులోని చాలా ప్రదేశాలకు లైసెన్స్ ఉన్న గైడ్ తోడు లేకుండా పంపరు. హవాయిలోని కవాయి దీవిలో నా పాలి తీరానికి రోడ్డే లేదు. పడవలో వెళ్లాలి, లేదా హెలికాప్టర్ ఎక్కాలి, లేదా నడవాలి. ఐస్‌లాండ్‌లో హిమానీనదాల మీద నడక, మంచు గుహలు గైడ్ లేకుండా తలపెట్టాల్సినవి కావు. అక్కడ పగుళ్లు పైకి కనిపించవు.

హవాయి బిగ్ ఐలాండ్ మీద ఉన్న మౌనా కియా శిఖరం మధ్యరకం. ఎత్తు 4,207 మీటర్లు. సుమారు 2,800 మీటర్ల ఎత్తులో ఉన్న సందర్శకుల కేంద్రం వరకు మామూలు కారు వెళ్తుంది. ఆ పైన కొంత దూరం నిటారు మట్టిరోడ్డు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటేనే వెళ్లాలి. అద్దె కార్లలో చాలావాటికి అక్కడికి వెళ్లే అనుమతి ఉండదు. కొన్ని గంటల్లో సముద్రమట్టం నుంచి అంత ఎత్తుకు చేరితే తల తిరగడం, వాంతులు రావడం మామూలే. ఆ స్థితిలో చీకట్లో కిందికి నడుపుకుంటూ రావడం కంటే, అలవాటున్న డ్రైవర్ పక్కన కూర్చోవడం నయం.

కారు లేకపోతే నష్టపోయే చోట్లు?

చూడాల్సినవి దీవి అంతా చెల్లాచెదురుగా ఉండి, వాతావరణం చోటుకో రకంగా ఉంటే కారే కావాలి. హవాయి బిగ్ ఐలాండ్‌నే తీసుకోండి. ఈశాన్యం నుంచి వీచే గాలులు కొండలకు తగిలి హీలో వైపు వానలు కురిపిస్తాయి. కొండలకు అవతల ఉన్న కోనా వైపు పొడిగా ఉంటుంది. ఎత్తైన కొండలున్న ఉష్ణమండల దీవులు చాలావాటిలో ఇదే కథ. పొద్దున్నే లేచి ఆకాశం చూసి, ఎండ ఉన్న వైపుకు బయల్దేరే వీలు కారుతోనే వస్తుంది. వారం ముందు బుక్ చేసిన టూరు వానలోకే తీసుకెళ్తుంది.

ఐస్‌లాండ్ వేసవి ఇంకో ఉదాహరణ. జూన్‌లో అక్కడ రాత్రి పదకొండింటికి కూడా వెలుతురు ఉంటుంది. టూర్ బస్సులన్నీ మధ్యాహ్నం జలపాతాల దగ్గర గుమిగూడతాయి. సొంత కారున్నవాళ్లు భోంచేసి, తీరిగ్గా రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, జనం లేని జలపాతాన్ని చూసుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా, స్కాట్లాండ్‌లోని స్కై, ఇటలీలోని సార్డీనియా దీవులు కూడా ఇలాంటివే. ఈ చోట్లలో నా ఓటు కారుకే.

కార్లే ఉండని దీవులు ఉన్నాయా?

ఉన్నాయి. గ్రీస్‌లోని హైడ్రాలో మోటారు వాహనాలకు నిషేధం. అమెరికాలోని మ్యాకినా దీవిలో 1898 నుంచి కార్లు నిషేధం, గుర్రబ్బండ్లు, సైకిళ్లే దిక్కు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న ఛానెల్ దీవుల్లోని సార్క్ అనే చిన్న దీవిలో కూడా కార్లు తిరగవు. ఇలాంటి దీవి మీ ట్రిప్ మధ్యలో వస్తే, ఆ రోజులకు కారు అద్దె కట్టకుండా ముందే తిరిగి ఇచ్చేయండి.

రోడ్డుకు ఏ వైపు నడపాలో అలవాటు తప్పితే ప్రమాదం కదా?

ప్రమాదమే, కానీ మనం భయపడే చోట కాదు. ట్రాఫిక్ ఉన్నప్పుడు ముందు బండి వెనకాలే పోతాం కాబట్టి పొరపాటు తక్కువ. ఖాళీ రోడ్డు మీద, పెట్రోల్ బంకు నుంచో పార్కింగ్ నుంచో బయటికొచ్చి మలుపు తిరిగేటప్పుడు, పొద్దున్నే మొదటి ఐదు నిమిషాల్లో, చెయ్యి పాత అలవాటు వైపు పోతుంది. ఆ క్షణంలో పక్క సీట్లో ఉన్నవాళ్లు ఏ వైపో పైకి చెప్పడం మంచి పద్ధతి. నస అనుకోవద్దు.

మారిషస్, మాల్టా, సైప్రస్, శ్రీలంక, బాలి, న్యూజిలాండ్, జపాన్ దీవుల్లో ఎడమవైపు నడపాలి. ఐస్‌లాండ్, హవాయి, క్రీట్, సిసిలీ, కానరీ దీవుల్లో కుడివైపు. దేశాలు, దీవులే వైపు మార్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఐస్‌లాండ్ 1968 మే 26న ఎడమ నుంచి కుడికి మారింది. జపాన్‌లోని ఒకినావా 1978 జులై 30న, సమోవా 2009 సెప్టెంబర్ 7న కుడి నుంచి ఎడమకు మారాయి. అన్నింటికంటే తికమక యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో. నడపాల్సింది ఎడమవైపు, కార్లలో స్టీరింగ్ కూడా ఎడమవైపే. దాంతో ఎదురొచ్చే బండి నడిపేవాళ్లకు సరిగ్గా కనపడదు.

వైపు మారినప్పుడు ఆటోమేటిక్ కారే తీసుకోండి. వేరే చేత్తో గేర్లు మార్చడం కూడా తోడైతే బుర్ర వేడెక్కుతుంది. యూరప్ దీవుల్లో గేర్ల కార్లే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే ముందుగానే బుక్ చేసుకోవాలి.

లైసెన్స్ విషయంలో ఏం చూసుకోవాలి?

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ లైసెన్స్ జారీ అయిన దేశంలోనే తీసుకోవాలి. దిగాక అక్కడ తీసుకుందాం అనుకుంటే కుదరదు. అది ఒట్టి అనువాద పత్రమే, అసలు లైసెన్స్ పక్కన ఉంటేనే చెల్లుతుంది. ఈ పర్మిట్లలో 1949 జెనీవా ఒప్పందం కిందివి, 1968 వియన్నా ఒప్పందం కిందివి అని రెండు రకాలున్నాయి. అన్ని దేశాలూ రెండింటినీ ఒప్పుకోవు. జపాన్ 1949 రకాన్నే ఒప్పుకుంటుంది. 1949 రకం పర్మిట్ ఒక్క ఏడాదే చెల్లుతుంది కాబట్టి పాతది జేబులో ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, తేదీ చూసుకోండి.

ఇద్దరు మార్చి మార్చి నడపాలనుకుంటే, రెండో వాళ్ల పేరు కూడా అద్దె అగ్రిమెంట్‌లో రాయించాలి. పేరు లేనివాళ్లు నడుపుతుండగా ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు. ఇరవై ఐదేళ్లలోపు వాళ్లకు చాలాచోట్ల అదనపు రుసుము ఉంటుంది. డిపాజిట్ కోసం నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు అడగడం కూడా మామూలే. కౌంటర్ దగ్గర ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

కారు ఇన్సూరెన్స్ "ఫుల్" అని రాసి ఉంటే సరిపోతుందా?

సరిపోదు. ఆ మాటను నమ్మి సంతకం చేయకండి. మామూలు కవర్‌లో టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం చాలాసార్లు ఉండవు. ద్వీపాల్లో దెబ్బ తగిలేది సరిగ్గా వాటికే. దీనికితోడు ఎక్సెస్ అని ఒక మొత్తం ఉంటుంది. నష్టం జరిగితే అంతవరకు మీరే భరించాలి. అది ఎంతో, దాన్ని తగ్గించడానికి ఎంత అడుగుతున్నారో రెండూ అడిగి తెలుసుకోండి.

మినహాయింపులు దీవిని బట్టి మారతాయి. ఐస్‌లాండ్‌లో "ఎఫ్" అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్లలో ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలకే చట్టరీత్యా అనుమతి, అవి తెరిచి ఉండేది కూడా వేసవిలోనే. అక్కడ ఇసుక, బూడిద గాలికి లేచి కారు రంగును చెక్కేస్తాయి, దానికి విడిగా కవర్ అమ్ముతారు. వాగు దాటుతుంటే ఇంజన్‌లోకి నీళ్లు పోతే సాధారణంగా ఏ కవరూ ఆదుకోదు. గాలి గట్టిగా వీచేటప్పుడు డోరు వదిలేస్తే వెనక్కి విరిగిపోతుంది, అదీ మన ఖాతాలోనే పడుతుంది. క్రీట్‌లో బాలోస్ బీచ్‌కు వెళ్లే మట్టిరోడ్డు మీద చాలా అద్దె కార్లకు ఇన్సూరెన్స్ వర్తించదు. కిస్సామోస్ నుంచి పడవ ఉంది, నిశ్చింతగా పడవెక్కండి. ఫెర్రీలో కారును పక్క దీవికి తీసుకెళ్లాలన్నా అద్దె కంపెనీ రాతపూర్వక అనుమతి ఉందో లేదో చూసుకోండి.

తాళం చేతికి రాగానే కారు చుట్టూ తిరిగి ఒక వీడియో తీయండి. చక్రాల అంచులు, ముందు అద్దం, పైకప్పు, స్టెప్నీ, ఇంధనం ముల్లు అన్నీ అందులో పడాలి.

గైడెడ్ టూర్ అంటే పెద్ద బస్సు, జెండా పట్టుకున్న గైడేనా?

అదొక రకం మాత్రమే. పదిమందిలోపు వ్యాన్ టూర్లు, పూట టూర్లు, నడక టూర్లు, పడవ టూర్లు ఉన్నాయి. సొంత కారులో వెళ్తూ ఫోన్‌లో వినే ఆడియో టూర్లూ ఉన్నాయి. మీరున్న చోటును బట్టి ఫోనే ఆ చోటు కథ చెప్తుంది. హానా రోడ్డు లాంటి చోట్ల అవి బాగా పనికొస్తాయి.

డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోవడం మూడో దారి. బాలి, శ్రీలంక లాంటి చోట్ల ఇది మామూలు పద్ధతి. మన ఇష్టమొచ్చిన చోట ఆగొచ్చు, ఇంట్లో ఎవరూ స్టీరింగ్ పట్టుకోనక్కర్లేదు, పార్కింగ్ గొడవ లేదు. రద్దీగా ఉండి, రోడ్డు మర్యాదలు కొత్తగా అనిపించే దీవుల్లో రెండో ఆలోచన లేకుండా నేను చెప్పేది ఇదే. అయితే డ్రైవర్ వేరు, గైడ్ వేరు. రోడ్డు బాగా తెలిసిన డ్రైవర్‌కు గుడి చరిత్ర తెలియాలని లేదు. వివరించే మనిషి కావాలంటే ఆ మాట ముందే అడగాలి.

మంచి టూర్‌ను ఎలా పోల్చుకోవాలి?

ఎన్ని ప్రదేశాలు చూపిస్తారన్నది కాదు, ఒక్కో చోట ఎంతసేపు ఉంచుతారన్నది అడగండి. ఒక్క రోజులో తొమ్మిది ప్రదేశాలు అని గొప్పగా రాస్తే, అందులో సగం కిటికీలోంచి చూసేవే. పికప్ హోటల్ దగ్గరా, బస్టాండ్ దగ్గరా? పికప్‌లో మీరు మొదటివాళ్లయితే మిగతావాళ్ల కోసం గంటసేపు తిరగాలి. ఎంట్రీ టికెట్లు కలిపారా? షాపుల దగ్గర ఆపుతారా? వాతావరణం బాగోక రద్దైతే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా?

రివ్యూల్లో గైడ్ చెప్పిన సంగతుల గురించి జనం రాశారేమో చూడండి. "బస్సు శుభ్రంగా ఉంది" అని మాత్రమే రాసి ఉంటే, గుర్తుపెట్టుకునేంత కథ ఎవరూ చెప్పలేదన్నమాట. అగ్నిపర్వతాలు, శిథిలాలు, యుద్ధ స్థలాలు, పక్షులు, పగడపు దిబ్బల దగ్గర గైడ్ లేకపోతే మనకు కనిపించేది రాళ్లు, నీళ్లే. అలాంటి చోట మంచి గైడ్‌కు ఇచ్చే డబ్బు వృథా కాదు. బీచ్‌కు గైడ్ అక్కర్లేదు.

ఖర్చు ఎలా పోల్చాలి?

టూరుకు మనిషికింత, కారుకు బండికింత. అందుకే ఒక్కరికో ఇద్దరికో టూరు, నలుగురైదుగురికి కారు గిట్టుబాటు అవుతుంది. కాకపోతే కారు వైపు లెక్కలో అద్దె ఒక్కటే వేసి ఆగిపోతారు. ఇంధనం, పార్కింగ్, అదనపు ఇన్సూరెన్స్, చైల్డ్ సీటు, టోల్, ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో ఇచ్చేందుకు రుసుము కూడా కలపాలి. హవాయిలోని హోనొలులు నగరపు బీచ్ ప్రాంతం వైకీకీ లాంటి చోట్ల చాలా హోటళ్లు పార్కింగ్‌కు రాత్రికింత అని విడిగా తీసుకుంటాయి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో సముద్రం కింది సొరంగాలకు టోల్ ఉంటుంది. గేటు దగ్గర ఆపరు, బిల్లు తర్వాత అద్దె కంపెనీ ద్వారా వస్తుంది. సిసిలీలోని పలెర్మో లాంటి ఊళ్లలో పాత పట్టణ వీధుల్లోకి బయటి కార్లు రాకూడదు, కెమెరా నంబరు ప్లేటు చూసి జరిమానా వేస్తుంది. అది నెలల తర్వాత ఇంటికొస్తుంది, పైన అద్దె కంపెనీ ప్రాసెసింగ్ రుసుము ఒకటి.

పార్కింగ్‌లో ఊరికే పడి ఉండే రోజులకు అద్దె కట్టడం అన్నింటికంటే పెద్ద దుబారా. అవసరమున్న రోజులకే కారు తీసుకోండి.

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే?

చిన్న పిల్లలుంటే కారు. నిద్ర, ఆకలి, బట్టలు మార్చడం ఏవీ బస్సు టైము ప్రకారం జరగవు. చైల్డ్ సీటు చాలా దేశాల్లో చట్టం, కారుతో పాటే బుక్ చేయండి. కడుపులో తిప్పే పిల్లలుంటే మలుపుల రోడ్డును సగం దగ్గరే ఆపేసుకోవడం కారుతోనే సాధ్యం.

పెద్దవాళ్లతో అయితే డ్రైవర్ ఉన్న కారు నా మొదటి సలహా. వాళ్లను గేటు ముందే దింపి, పార్కింగ్ బాధ డ్రైవర్‌కు వదిలేయొచ్చు. గ్రూప్ టూర్ తీసుకుంటే మాత్రం నడక ఎంత, మెట్లు ఎన్ని, బాత్రూమ్ కోసం ఎన్ని గంటలకోసారి ఆపుతారు అని మొహమాటం లేకుండా అడగండి. గుంపు వెనక పడిపోతామేమో అన్న టెన్షన్‌తో పెద్దవాళ్లు ఏదీ సరిగ్గా చూడలేరు.

ఒంటరిగా వెళ్తున్నాను. ఏది తీసుకోవాలి?

దూరపు రోజులకు టూరు. దారి చూడటం, నడపడం, పార్కింగ్ వెతకడం అన్నీ ఒక్కరే చేయడం అలసట. పైగా టూర్‌లో భోజనానికి తోడు దొరుకుతుంది.

ఒక్క రోజులో చాలా దూరం వెళ్లి రావాల్సిన చోటు ఉంటే?

న్యూజిలాండ్‌లో కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయ మిల్ఫర్డ్ సౌండ్ దీనికి చక్కటి ఉదాహరణ. క్వీన్స్‌టౌన్ ఊరి నుంచి దాదాపు 290 కిలోమీటర్లు, వెళ్లడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు, మధ్యలో పడవ ప్రయాణం. చలికాలంలో హిమపాతాల ప్రమాదం ఉండి చక్రాలకు గొలుసులు వెంట పెట్టుకోవాలి. ఒక్కరే పొద్దున చీకట్లో బయల్దేరి రాత్రికి తిరిగొస్తే, వెనక్కి వచ్చేటప్పుడు కునుకు పట్టే ప్రమాదం ఉంది. ఇలాంటి రోజుకు బస్సు టూర్ తీసుకోండి. లేదంటే దారిలోని టె అనౌ ఊళ్లో ఒక రాత్రి ఉండండి, అక్కడి నుంచి 120 కిలోమీటర్లే. అలా ఉండగలిగితే కారే మేలు, ఎందుకంటే ఆ దారి పొడవునా ఆగి చూడాల్సినవే.

రాత్రి నడపొచ్చా?

వీలైనంతవరకు వద్దు. టాస్మేనియాలో వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి), వాంబాట్లు (బొరియల్లో ఉండే పొట్టి, బలిసిన జంతువులు) సంధ్యవేళ నుంచి రోడ్డు మీదికి వస్తాయి. చాలా దీవుల్లో ఊరు దాటితే వీధి దీపాలు ఉండవు. సూర్యాస్తమయం చూడటానికి దూరంగా ఉన్న చోటుకు వెళ్తే, తిరుగు ప్రయాణం మొత్తం చీకట్లోనే అని గుర్తుంచుకోండి. ఆ సాయంత్రానికి టూర్ తీసుకోవచ్చు. మందు తాగే ఉద్దేశం ఉన్న రోజు కారు తాళం హోటల్‌లోనే ఉండాలి.

స్కూటర్ తీసుకుంటే సరిపోదా?

ఊళ్లో, చిన్న దూరాలకు బాగుంటుంది, కానీ ఇంటి దగ్గర రోజూ నడిపేవాళ్లకే. కారు లైసెన్స్ మీద స్కూటర్ నడిపితే చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్‌లు ఆస్పత్రి ఖర్చు ఇవ్వవు. పర్మిట్‌లో ద్విచక్ర వాహనాల గడిలో ముద్ర ఉందో లేదో చూసుకోండి. హెల్మెట్ లేకుండా ఒక్క కిలోమీటరు కూడా వద్దు.

క్రూయిజ్ ఓడలో వెళ్లి ఒక్క పూటే దీవిలో దిగుతున్నాం. కారు తీసుకోవచ్చా?

రేవుకు దగ్గర్లో తిరిగేటట్టయితే తీసుకోండి. దూరం వెళ్లాలంటే ఓడవాళ్లే నడిపే టూర్ భద్రం. వాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ మామూలుగా ఆగుతుంది, మీ అద్దె కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆగదు.

ఎంత ముందుగా బుక్ చేయాలి?

కారును ఫ్లైట్ టికెట్‌తో పాటే బుక్ చేయండి. దీవిలో కార్లు ఉన్నన్నే ఉంటాయి, సీజన్‌లో అయిపోతే పక్క ఊరి నుంచి తెప్పించడానికి పక్క ఊరు ఉండదు. ప్రదేశాల బుకింగ్ కూడా చూసుకోండి. మావిలో హాలెయకలా అగ్నిపర్వతం మీద సూర్యోదయం చూడాలంటే కారుకు ముందస్తు రిజర్వేషన్ ఉండాలి. కవాయిలోని హా'ఎనా పార్కుకు బయటివాళ్లు పార్కింగ్ గానీ షటిల్ గానీ ముందే బుక్ చేసుకోవాలి. అక్కడిదాకా వెళ్లి వెనుదిరిగేవాళ్లు చాలామంది ఉంటారు. టూర్‌లో వెళ్తే సాధారణంగా ఈ అనుమతుల పని వాళ్లే చూసుకుంటారు.

వారం రోజుల ట్రిప్‌లో రెండింటినీ ఎలా కలపాలి?

దిగిన రోజు నడపకండి. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి, నిద్ర కళ్లతో తెలియని కారులో తెలియని రోడ్డెక్కడం ఏ దీవిలోనైనా చెడ్డ ఆలోచనే. టాక్సీలో హోటల్‌కు వెళ్లి పడుకోండి. రెండో రోజు ఒక పూట టూర్ తీసుకుంటే దీవి స్వరూపం అర్థమవుతుంది, ఏ బీచ్ దగ్గర ప్రవాహాలు ప్రమాదమో, ఏ రోడ్డు మూసి ఉందో గైడ్‌ను అడగొచ్చు. మూడో రోజు నుంచి కారు. అన్నింటికంటే కష్టమైన రోడ్డో, పొడవైన రోజో ఏదుంటే దానికి మళ్లీ టూరు. అప్పుడు ఇన్ని రోజులూ నడిపిన మనిషి కిటికీ సీట్లో కూర్చోవాలి.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు?

ఎయిర్‌పోర్టు దగ్గర చివరి బంకు ఎక్కడుందో తీసుకున్న రోజే చూసిపెట్టుకోండి, ట్యాంకు నింపిన రసీదు దాచండి. వీలైతే ఆఫీసు తెరిచి ఉండే వేళలో ఇచ్చి, దెబ్బలేమీ లేవని వాళ్ల చేత రాయించుకోండి. తాళం డబ్బాలో వేసి వెళ్లిపోవాల్సి వస్తే, మొదట తీసినట్టే చుట్టూ తిరిగి ఇంకో వీడియో తీయండి, మీటర్ రీడింగ్‌తో సహా. డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా వాటిని ఫోన్‌లోంచి తీసేయొద్దు.